క్రెడిట్ యూనియన్ సభ్యత్వం: లాభం ఎక్కడుంది, మెలిక ఎక్కడుంది

25,000 డాలర్ల కారు అప్పును 60 నెలల్లో తీర్చాలనుకుందాం. వడ్డీ 8 శాతమైతే నెలకు 507 డాలర్లు కట్టాలి. 6 శాతానికి దొరికితే 483 సరిపోతాయి. నెలకు 24 డాలర్లంటే చిన్న తేడాగానే కనిపిస్తుంది కానీ, ఐదేళ్లు గడిచేసరికి అది 1,400 డాలర్లు దాటుతుంది. అమెరికాలో క్రెడిట్ యూనియన్‌లో చేరమని ఎవరైనా సలహా ఇస్తే, దాని వెనకున్న లెక్క చాలాసార్లు ఇదే. అయితే ఆ రెండు శాతం ఎక్కడి నుంచి వస్తుంది, ఎప్పుడు రాదు, దానికి బదులుగా మనం ఏ కాగితం మీద సంతకం పెడుతున్నాం అన్న ప్రశ్నల దగ్గరే చాలామంది తడబడతారు.

ముందు సొమ్ము సంగతి. బ్యాంకులో మూడు రకాల మనుషులుంటారు: డబ్బు దాచుకునేవాళ్లు, అప్పు తీసుకునేవాళ్లు, బ్యాంకు షేర్లు కొన్న మదుపరులు. మొదటివాళ్లకు ఇచ్చే వడ్డీకీ, రెండోవాళ్ల దగ్గర తీసుకునే వడ్డీకీ మధ్య మిగిలేదాంట్లో ఖర్చులు పోగా వచ్చే లాభం మూడోవాళ్లది. క్రెడిట్ యూనియన్‌లో ఆ మూడో వర్గమే లేదు. అది సహకార సంఘం. డబ్బు దాచుకున్న ప్రతి సభ్యుడూ యజమానే. ఖాతాలో 5 డాలర్లున్నా, 5 లక్షలున్నా ఓటు ఒక్కటే. ఫెడరల్ చార్టర్, అంటే కేంద్ర ప్రభుత్వ అనుమతిపత్రం ఉన్న సంఘాల్లో డైరెక్టర్లు జీతం తీసుకోకుండా పనిచేస్తారు. బోర్డు పదవుల్లో ఒక్కదానికి మాత్రమే జీతం ఇవ్వడానికి చట్టం ఒప్పుకుంటుంది. పైగా వీటికి ఫెడరల్ ఆదాయపన్ను లేదు. అలా మిగిలిన సొమ్ము తక్కువ వడ్డీ అప్పులుగానో, ఎక్కువ వడ్డీ డిపాజిట్లుగానో, తక్కువ ఫీజులుగానో సభ్యులకు తిరిగి రావాలి. కాగితం మీద సిద్ధాంతం ఇదే.

ఆచరణలో అంతా తిరిగి రాదు. దానికి న్యాయమైన కారణమే ఉంది. బ్యాంకుకు మూలధనం చాలకపోతే మార్కెట్లో కొత్త షేర్లు అమ్ముకుంటుంది. మామూలు క్రెడిట్ యూనియన్‌కు ఆ దారి లేదు. ఏటా మిగిలిన దాంట్లోంచి పక్కన పెట్టుకున్నదే దాని మూలధనం. మొత్తం ఆస్తుల్లో ఈ నిల్వ కనీసం 7 శాతం ఉంటేనే నియంత్రణ సంస్థ దాన్ని బలమైన సంఘంగా లెక్కిస్తుంది. 6 శాతం కంటే తగ్గితే ఆంక్షలు మొదలవుతాయి. అంటే డిపాజిట్లు 10 కోట్ల డాలర్లు పెరిగితే, దామాషా చెడకుండా ఉండటానికి దాదాపు 70 లక్షల డాలర్లు మిగుల్లోంచే సమకూర్చుకోవాలి. అందుకే శరవేగంగా పెరుగుతున్న సంఘం సభ్యులకు పెద్దగా పంచలేదు. నిల్వలు దండిగా ఉండి, నిదానంగా నడిచే సంఘాలు వడ్డీల్లో ఉదారంగా ఉండగలవు. ప్రకటనల హోరు చూసి సంఘాన్ని ఎంచుకోకూడదనడానికి ఇదొక కారణం.

ఈ ఏర్పాటుకు మన వైపు నుంచి కూడా ఒక పాయ ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీ అధికారి ఫ్రెడరిక్ నికల్సన్ జర్మనీ గ్రామీణ పరపతి సంఘాలను అధ్యయనం చేసి 1890లలో ఇచ్చిన నివేదిక, 1904 నాటి భారత సహకార పరపతి సంఘాల చట్టానికి దారి వేసింది. 1907లో బోస్టన్ వ్యాపారి ఎడ్వర్డ్ ఫైలీన్ భారతదేశ యాత్రలో బెంగాల్ గ్రామాల్లో ఈ సంఘాల పనితీరు చూశాడు. అంతకు ముందే 1900లో కెనడాలోని లెవీలో అల్ఫోన్స్ దెజార్దాఁ ఇలాంటి సంఘం స్థాపించాడు. ఆయన సాయంతోనే అమెరికాలో మొదటిది న్యూ హాంప్‌షైర్‌లోని మాంచెస్టర్‌లో 1908లో మొదలైంది. మరుసటి ఏడాది మసాచుసెట్స్ క్రెడిట్ యూనియన్ చట్టం చేసింది. దాని వెనక ఫైలీన్ కృషి ఉంది. 1934లో రూజ్‌వెల్ట్ సంతకంతో ఫెడరల్ చట్టం వచ్చింది. 1969 నాటికి దేశంలో 23 వేలకు పైగా సంఘాలుండేవి. విలీనాలతో ఆ సంఖ్య ఇప్పుడు 4,500 అటూఇటూగా తగ్గింది కానీ, సభ్యుల సంఖ్య మాత్రం 14 కోట్లకు చేరింది.

చేరడానికి అర్హత

ఎవరు పడితే వాళ్లు ఏ సంఘంలో పడితే ఆ సంఘంలో చేరలేరు. ప్రతిదానికీ చార్టర్‌లో రాసి ఉన్న సభ్యత్వ పరిధి ఉంటుంది. ఒక కంపెనీ లేదా కొన్ని కంపెనీల ఉద్యోగులు, ఒక విశ్వవిద్యాలయం, ఒక కౌంటీలో నివసించేవాళ్లు, ఒక వృత్తిసంఘం సభ్యులు, ఇలా. ఒకే సంఘంలో సంబంధం లేని పలు కంపెనీల ఉద్యోగులను చేర్చుకోవడం చట్టవిరుద్ధమని 1998 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అదే ఏడాది ఆగస్టులో అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ చట్టాన్ని సవరించి దాన్ని అనుమతించింది. అప్పటి నుంచి పరిధులు బాగా విస్తరించాయి. చాలామంది తమకు అర్హత లేదనుకుని ప్రయత్నమే చేయరు గానీ, పనిచేసే చోటు, ఉండే చోటు, చదివిన చోటు, కుటుంబం అన్నీ కలిపి వెతికితే రెండు మూడు సంఘాలైనా తేలతాయి.

కుటుంబ అర్హతను ప్రత్యేకంగా గుర్తు పెట్టుకోవాలి. భార్య లేదా భర్త, పిల్లలు, తల్లిదండ్రులు, తోబుట్టువులు, తాతామనవల వరస ఎవరైనా సభ్యులైతే సాధారణంగా మీరూ చేరవచ్చు. ఒకే ఇంట్లో ఉంటూ ఖర్చులు పంచుకునేవాళ్లకూ ఈ దారి ఉంటుంది. ఇంకొన్ని సంఘాలు ఒక స్వచ్ఛంద సంస్థకు చిన్న విరాళం ఇచ్చి దాని సభ్యులైతే చాలంటాయి. అది చట్టబద్ధమే. ఒకసారి చేరాక ఉద్యోగం మారినా, ఊరు మారినా సభ్యత్వం పోకపోవడం సర్వసాధారణం. అందుకే కంపెనీ వదిలేలోగా చేరి ఉండటం మంచిది. వదిలేశాక ఆ అర్హత తిరిగి రాదు.

చేరేటప్పుడు గుర్తింపు కార్డు లేదా పాస్‌పోర్టు, చిరునామా రుజువు, సోషల్ సెక్యూరిటీ నంబరు అడుగుతారు. ఆ నంబరు లేనివాళ్లకు పన్ను గుర్తింపు సంఖ్య మీద ఖాతా ఇచ్చే సంఘాలు ఉన్నాయి కానీ అన్నీ ఇవ్వవు. ఆన్‌లైన్ దరఖాస్తు తిరస్కరిస్తే అదే కాగితాలతో శాఖకు వెళ్లి అడగండి. వీసా పత్రాలను చూసి అర్థం చేసుకునే మనిషి అక్కడ ఉంటారు, వెబ్‌సైట్ ఫారానికి ఆ వెసులుబాటు లేదు. పాత బ్యాంకులో ఖాతా మైనస్‌లోకి వెళ్లి మూతబడి ఉంటే చెక్స్‌సిస్టమ్స్ అనే సంస్థ రికార్డులో అది కనిపించి దరఖాస్తు ఆగిపోవచ్చు. ఆ నివేదికను ఏడాదికోసారి ఉచితంగా తెప్పించుకుని తప్పులుంటే సరిచేయించుకోవచ్చు.

ఖాతా తెరవగానే ఒక వాటా కొన్నట్టు. దాని విలువ చాలా చోట్ల 5 డాలర్లు, కొన్నిచోట్ల 25. ఈ మొత్తం పొదుపు ఖాతాలో ఎప్పుడూ ఉండాలి. ‘ఖాతాలో ఇంకో ఐదు డాలర్లున్నాయి కదా’ అని అది కూడా తీసేస్తే సభ్యత్వం రద్దయ్యే ప్రమాదం ఉంది. దానితో పాటు మిగతా ఖాతాలూ చిక్కులో పడతాయి. పేర్లు కూడా కొంచెం వేరుగా ఉంటాయి. పొదుపు ఖాతాను షేర్ ఖాతా అంటారు, చెకింగ్‌ను షేర్ డ్రాఫ్ట్ అంటారు, ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను షేర్ సర్టిఫికెట్ అంటారు. వచ్చే వడ్డీని డివిడెండ్ అని రాస్తారు కానీ పన్ను విషయంలో అది వడ్డీయే. ఏడాది చివర వడ్డీ ఆదాయం చూపే 1099-ఐఎన్‌టీ ఫారంలోనే వస్తుంది. పన్ను ఫారంలో దాన్ని షేర్ల డివిడెండ్ గడిలో వేయకండి.

అసలు లాభం అప్పుల దగ్గర

ఫెడరల్ క్రెడిట్ యూనియన్ ఏ అప్పు మీదైనా వసూలు చేయగల వడ్డీకి పరిమితి ఉంది. చట్టంలో ఉన్నది 15 శాతమే అయినా, నియంత్రణ సంస్థ అయిన నేషనల్ క్రెడిట్ యూనియన్ అడ్మినిస్ట్రేషన్, అంటే ఎన్‌సీయూఏ, 1987 నుంచి దాన్ని 18 శాతంగా ఉంచి పొడిగిస్తూ వస్తోంది. ఇది క్రెడిట్ కార్డులకూ వర్తిస్తుంది. కింద చెప్పబోయే చిన్న అప్పు మాత్రం దీనికి మినహాయింపు. ఫెడరల్ రిజర్వ్ లెక్కల్లో బ్యాంకు కార్డుల సగటు వడ్డీ 2023 నుంచి 20 శాతం పైనే ఉంది. ప్రతి నెలా బాకీ పూర్తిగా కట్టేసేవాళ్లకు ఈ తేడాతో పనిలేదు. వాళ్లకు రివార్డులు బాగా ఇచ్చే బ్యాంకు కార్డే మేలు కావచ్చు. బాకీ మోస్తున్నవాళ్లకు మాత్రం ఆ పరిమితి పెద్ద రక్షణ. ఫెడరల్ సంఘాలు ఏ అప్పు మీదా ముందస్తు చెల్లింపు జరిమానా కూడా వేయకూడదు. రాష్ట్ర చార్టర్ ఉన్న సంఘాలకు నియమాలు ఆ రాష్ట్రాన్ని బట్టి ఉంటాయి. పేరులో ‘ఫెడరల్’ అన్న మాట ఉందా లేదా అన్నది అందుకే ముఖ్యం.

చిన్న అప్పుల్లో తేడా మరీ ఎక్కువ. జీతం వచ్చేదాకా అని పేడే దుకాణంలో తీసుకునే అప్పుకు మామూలు రేటు రెండు వారాలకు వందకు 15 డాలర్లు. ఏడాదికి లెక్కేస్తే 391 శాతం. 500 డాలర్లు తీసుకుని, తీర్చలేక ప్రతి రెండు వారాలకూ ఫీజు మాత్రమే కట్టి పొడిగిస్తూ పోతే, మూడు నెలల్లో ఆరుసార్లు 75 చొప్పున 450 డాలర్లు ఫీజులకే పోతాయి. అసలు 500 అలాగే ఉంటుంది. దీనికి ప్రత్యామ్నాయంగా ఫెడరల్ సంఘాలు ఇచ్చే అప్పు ఒకటి ఉంది. అందులో 200 నుంచి 1,000 డాలర్ల దాకా, ఒకటి నుంచి ఆరు నెలల గడువుతో, 28 శాతానికి మించని వడ్డీకి ఇస్తారు. దరఖాస్తు ఫీజు 20 డాలర్లు దాటకూడదు. నెల రోజులుగా సభ్యులై ఉండాలి. 2019లో వచ్చిన రెండో రకంలో 2,000 డాలర్ల దాకా ఏడాది గడువుతో ఇస్తారు, చేరిన రోజే అడగవచ్చు. పొడిగింపులు ఉండవు. ప్రతి కిస్తీతోనూ అసలు తగ్గుతుంది. అదే 500 డాలర్లు ఇలా ఆరు నెలలకు తీసుకుంటే నెలకు 90 చిల్లర కట్టాలి. వడ్డీ 42, ఫీజు 20 కలిపి మొత్తం ఖర్చు 62 డాలర్ల దగ్గర ఆగుతుంది, అప్పు కూడా తీరిపోతుంది. ఈ అప్పును అన్ని సంఘాలూ ఇవ్వవు. ఇచ్చేవి కూడా వెబ్‌సైట్‌లో మూలన పెడతాయి. ఫోన్ చేసి ‘పేడే ఆల్టర్నేటివ్ లోన్ ఉందా’ అని పేరు పెట్టి అడగాలి. డబ్బు అవసరం పడ్డాక కాకుండా, ఏ అవసరమూ లేనప్పుడే అడిగి తెలుసుకోవడం మంచిది.

కొత్తగా వచ్చి క్రెడిట్ చరిత్ర లేనివాళ్లకు ఇంకో దారి ఉంది. 1,000 డాలర్లు షేర్ ఖాతాలో వేసి, దాన్నే హామీగా పెట్టి అంతే మొత్తం అప్పు తీసుకోవచ్చు. సంఘానికి నష్టభయం లేదు కాబట్టి వడ్డీ ఆ ఖాతా మీద వచ్చే డివిడెండ్ కంటే రెండు మూడు శాతం మాత్రమే ఎక్కువ ఉంటుంది. నెలనెలా కట్టే కిస్తీల వివరాలు, అప్పుల చరిత్ర నమోదు చేసే క్రెడిట్ బ్యూరోలకు చేరతాయి. అప్పు తీరుతున్నకొద్దీ హామీగా పట్టి ఉంచిన సొమ్ము విడుదలవుతూ వస్తుంది. తీసుకునే ముందు మూడు బ్యూరోలకూ నివేదిస్తారో లేదో అడగండి. ఒకే బ్యూరోకు పంపితే సగం ప్రయోజనం పోయినట్టే.

కారు అప్పులో జనం ఎక్కువగా పొరబడేది డీలర్ దగ్గర. షోరూంలో కూర్చుని ‘నా అప్పు ఫలానా క్రెడిట్ యూనియన్‌దే’ అనుకుంటారు. సంఘం డీలర్‌కు చెప్పిన రేటు ఒకటి, డీలర్ ఒప్పందంలో రాసే రేటు ఇంకొకటి కావచ్చు. ఆ తేడా సాధారణంగా డీలర్ కమిషన్‌గా వెళ్తుంది, ఒకటి నుంచి రెండు శాతం దాకా ఉండవచ్చు. అంటే అప్పు సంఘానిదే అయినా, సభ్యుడికి దక్కాల్సిన లాభం మధ్యలోనే పోయింది. షోరూంకు వెళ్లకముందే సంఘం దగ్గర ముందస్తు ఆమోదం తీసుకుంటే ఇది తప్పుతుంది. ఆమోదపత్రం చాలా చోట్ల 30 రోజులు చెల్లుతుంది. రెండు మూడు చోట్ల దరఖాస్తు చేస్తే క్రెడిట్ స్కోరు పడిపోతుందని భయపడతారు కానీ, 14 రోజుల లోపల చేసే కారు అప్పు విచారణలన్నిటినీ స్కోరు లెక్కలో ఒకటిగానే చూస్తారు. డీలర్ అంతకంటే తక్కువకు ఇస్తానంటే తీసుకోవచ్చు, కానీ నెల కిస్తీ కాకుండా వార్షిక రేటు, నెలల సంఖ్య చూసి తేల్చుకోండి. 60 నెలలను 75 చేస్తే ఏ రేటుకైనా కిస్తీ తగ్గినట్టే కనిపిస్తుంది.

కారు పూర్తిగా దెబ్బతిన్నప్పుడు బీమా ఇచ్చేదానికీ అప్పు బాకీకీ మధ్య తేడాను పూడ్చే గ్యాప్ రక్షణను డీలర్ల కంటే సంఘాలు తక్కువకే అమ్ముతుంటాయి. అప్పు గడువుకు ముందే తీర్చేస్తే మిగిలిన కాలానికి ఆ సొమ్ములో కొంత వెనక్కి రావాలి. అది చాలాసార్లు అడిగితేనే వస్తుంది.

ఇంటి అప్పు దగ్గర క్రెడిట్ యూనియన్ పేరు చూసి తొందరపడక్కర్లేదు. ఆ మార్కెట్ దేశమంతా ఒకటే, తేడాలు తక్కువ. మూడు చోట్ల ఒకే రోజు లోన్ ఎస్టిమేట్, అంటే అప్పు ఖర్చుల అంచనా పత్రం తెప్పించి, వడ్డీతో పాటు రెండో పేజీలోని ఫీజులు పోల్చి చూస్తే విషయం తేలిపోతుంది.

పొదుపు మీద వచ్చేదీ ఇలాంటిదే. మామూలు షేర్ ఖాతా మీద చాలా సంఘాలు ఇచ్చేది నామమాత్రం; ఆన్‌లైన్ బ్యాంకులు అంతకంటే ఎక్కువే ఇస్తాయి. చెకింగ్ ఖాతా మీద 5 శాతం, 6 శాతం అని ప్రకటనలు కనిపిస్తే షరతులు చదవాలి. నెలకు పది పన్నెండు సార్లు డెబిట్ కార్డు వాడాలి, జీతం నేరుగా అందులో పడాలి, పైగా ఆ రేటు మొదటి 10,000 లేదా 15,000 డాలర్లకే. ఒక నెల ఒక్క లావాదేవీ తగ్గినా రేటు దాదాపు సున్నాకు పడిపోతుంది. చివరి రెండు రోజుల్లో కార్డు గీకినవి నెల దాటాక నమోదైతే లెక్కలోకి రావు. ఎక్కువమంది రేటు పోగొట్టుకునేది ఇక్కడే.

శాఖలు తక్కువ కదా అన్న సందేహానికి షేర్డ్ బ్రాంచింగ్ సమాధానం. ఈ ఏర్పాటులో ఉన్న సంఘాల సభ్యులు దేశమంతటా వేల సంఖ్యలో ఉన్న ఇతర సంఘాల శాఖల్లో డబ్బు వేయవచ్చు, తీయవచ్చు. ఉచిత ఏటీఎంలు దాదాపు 30 వేలు. మీ సంఘం ఇందులో ఉందో లేదో ముందే చూసుకోండి, అన్నీ లేవు. విదేశాలకు డబ్బు పంపడంలో మాత్రం చిన్న సంఘాలు వెనకే. వైర్ బదిలీ మధ్యలో ఇంకో బ్యాంకు ద్వారా వెళ్తుంది, ఆలస్యమూ ఖర్చూ రెండూ పెరుగుతాయి. ఆ పనికి వేరే ఖాతా ఉంచుకోవడమే నయం.

సంతకం పెట్టే ముందు చదవాల్సిన రెండు వాక్యాలు

సభ్యులకు ఈ విషయం చాలా తక్కువమంది చెబుతారు. అందుకే కాస్త ఆగి చెప్పాలి.

మొదటిది మీ పొదుపు మీద సంఘానికి ఉండే హక్కు. ఫెడరల్ చట్టం ప్రకారం, బాకీపడిన సభ్యుడి షేర్ల మీద సంఘానికి తాకట్టు హక్కు ఉంటుంది. కోర్టుకు వెళ్లకుండానే ఖాతాలోని డబ్బును బాకీకి జమ చేసుకోగలదు. క్రెడిట్ కార్డు బాకీకి కస్టమర్ డిపాజిట్‌ను ఇలా ఏకపక్షంగా పట్టుకోకూడదని బ్యాంకులతో సహా కార్డు ఇచ్చే అందరికీ ఫెడరల్ నిబంధన ఉంది. కానీ కస్టమర్ తెలిసి, ఒప్పుకుని డిపాజిట్‌ను హామీగా రాసిస్తే ఆ నిబంధన అడ్డురాదు. చాలా క్రెడిట్ యూనియన్ల కార్డు దరఖాస్తులో ఆ ఒప్పుకోలు ఉంటుంది, దాని కోసం విడిగా సంతకమో టిక్కో అడుగుతారు. ఉద్యోగం పోయిన నెలలో, అద్దెకని దాచిన డబ్బు కార్డు బాకీ కింద మాయమైనప్పుడు గానీ ఆ టిక్ పెట్టింది గుర్తురాదు. రిటైర్మెంట్ ఖాతా అయిన ఐఆర్ఏ సొమ్మును మాత్రం ఈ హామీలోంచి మినహాయిస్తారు.

రెండోది ఒక అప్పుకు పెట్టిన తాకట్టు అన్ని అప్పులకూ వర్తించడం. కారు అప్పు ఒప్పందంలో ‘ఈ వాహనం ఈ అప్పుకే గాక, మాకు మీరు బాకీ ఉన్న, ముందు ముందు బాకీ పడబోయే అన్ని అప్పులకూ హామీ’ అనే అర్థం వచ్చే వాక్యం ఉంటుంది. దాని పని ఇలా ఉంటుంది. కారు మీద 18,000 డాలర్లు తీసుకుని నాలుగేళ్లలో మొత్తం తీర్చేశారు. అదే సంఘంలో కార్డు మీద 6,000 బాకీ ఉంది, రెండు కిస్తీలు తప్పాయి. కారు అప్పు సున్నా అయినా టైటిల్, అంటే కారు యాజమాన్య పత్రం చేతికి రాదు. కారు అమ్మబోతే అమ్మకం ఆగుతుంది. బాకీ అలాగే సాగితే ఆ కార్డు కోసం కారును పట్టుకుపోగల హక్కు కూడా సంఘానికి ఉంటుంది. ఏ తాకట్టూ లేదని మనం అనుకుంటున్న కార్డు అప్పు వెనక నిజానికి కారు నిలబడి ఉందన్నమాట.

దీనికి చేయగలిగింది చాలా ఉంది. ఒప్పందంలో ‘క్రాస్ కొలాటరల్’ లేదా ‘ఇతర అప్పులకు హామీ’ అన్న వాక్యం ఉందా అని రుణాధికారిని సూటిగా అడగండి, తీసేయగలరా అని కూడా అడగండి. కొందరు తీస్తారు. తీయకపోతే కారు అప్పు ఒక సంఘంలో, కార్డు ఇంకోచోట ఉంచుకోండి. జీతం పడే ఖాతా, ఆరు నెలల అత్యవసర నిధి ఈ రెండూ మీకు అప్పు ఇచ్చిన సంఘంలో ఉంచకండి. నెల కిస్తీకి సరిపడా డబ్బు అందులోకి వెళ్లేలా చూసుకుంటే చాలు. ఇవన్నీ అపనమ్మకంతో చేసే పనులు కావు. సంఘం ఇచ్చే తక్కువ వడ్డీలో కొంత ఈ హక్కుల బలం మీదే వస్తోంది. మనకు కావాల్సిన అప్పుకు ఆ బలాన్ని ఇవ్వడంలో తప్పులేదు, అక్కరలేని చోటికి అది పాకకుండా చూసుకోవాలి, అంతే.

డబ్బు భద్రత

ఫెడరల్ బీమా ఉన్న సంఘంలో ఒక్కో సభ్యుడికి సొంత ఖాతాల మొత్తం మీద 250,000 డాలర్ల దాకా ఎన్‌సీయూఏ హామీ ఉంటుంది. ఉమ్మడి ఖాతాలో ఒక్కొక్కరి వాటాకు విడిగా మరో 250,000, ఐఆర్ఏకు విడిగా ఇంకో 250,000. భార్యాభర్తలిద్దరికీ సొంత ఖాతాలు, ఒక ఉమ్మడి ఖాతా ఉంటే ఒకే సంఘంలో 10 లక్షల డాలర్ల దాకా రక్షణ దొరుకుతుంది. బ్యాంకు డిపాజిట్లకు ఫెడరల్ బీమా సంస్థ ఎఫ్‌డీఐసీ ఇచ్చేదానికి ఇది తీసిపోదు. కొన్ని రాష్ట్రాల్లో మాత్రం ప్రైవేటు బీమాతో నడిచే సంఘాలు ఉన్నాయి. వాటి వెనక ఫెడరల్ ప్రభుత్వం ఉండదు. 1991 జనవరి 1న రోడ్ ఐలండ్‌లో ప్రైవేటు బీమా సంస్థ కూలిపోయి, గవర్నర్ ఒక్కరోజులో 45 సంస్థలను మూసేయించారు. ఖాతాదారుల్లో చాలామంది నెలల తరబడి తమ డబ్బు ముట్టుకోలేకపోయారు. తలుపు మీద ఎన్‌సీయూఏ గుర్తు ఉందో లేదో చూడటం అర నిమిషం పని.

బీమా డబ్బును కాపాడుతుంది కానీ సంఘాన్ని కాపాడదు. అప్పుల్లో ఎక్కువ భాగం ఒకే వృత్తివాళ్లకు వెళ్తే ఆ వృత్తికి దెబ్బ తగిలినప్పుడు సంఘమూ కుంగుతుంది. న్యూయార్క్‌లో టాక్సీ మెడాలియన్ల, అంటే టాక్సీ నడిపే లైసెన్సుల మీద అప్పులిచ్చిన మెల్‌రోజ్ క్రెడిట్ యూనియన్‌కు జరిగిందదే. 10 లక్షల డాలర్లు దాటిన మెడాలియన్ ధర యాప్ టాక్సీలు వచ్చాక కొన్నేళ్లలోనే కుప్పకూలింది. 2017లో ఎన్‌సీయూఏ పగ్గాలు తీసుకుంది, 2018లో సంఘాన్ని మూసేసింది. బీమా పరిధిలోని పొదుపులకు ఏమీ కాలేదు. అప్పులు తీసుకున్న డ్రైవర్లే, వాళ్లలో దక్షిణాసియా నుంచి వచ్చినవాళ్లు ఎందరో, ఏళ్ల తరబడి నలిగిపోయారు.

కాబట్టి చేరేముందు ఆ సంఘం త్రైమాసిక నివేదిక చూడటం మంచిది. ఎన్‌సీయూఏ వెబ్‌సైట్‌లో సంఘం పేరు కొడితే అందరికీ ఉచితంగా దొరుకుతుంది. అందులో చూడాల్సినవి కొన్నే. నికర నిల్వ నిష్పత్తి 7 శాతం కంటే సౌకర్యంగా పైన, అంటే 9, 10 దగ్గర ఉండాలి. 60 రోజులు దాటిన మొండి బాకీల శాతం గత నాలుగు త్రైమాసికాలుగా పెరుగుతూ ఉంటే ఆలోచించాలి. డిపాజిట్లలో ఎంత భాగం అప్పులుగా వెళ్లిందో చూడాలి. అది మరీ తక్కువైతే సంఘం సభ్యులకు అప్పులివ్వడం లేదని, వందకు దగ్గరపడితే చేతిలో నగదు తక్కువని అర్థం. ఆదాయంలో ఫీజుల వాటా పెద్దదైతే, తక్కువ వడ్డీగా ఇచ్చింది ఓవర్‌డ్రాఫ్ట్ జరిమానాలుగా వెనక్కి లాక్కుంటోందేమో అని అనుమానించాలి.

ఓటు

యజమాని అన్న మాటకు అర్థం వచ్చేది ఏటా జరిగే సర్వసభ్య సమావేశంలో. ఫెడరల్ సంఘాల నమూనా నియమావళి ప్రకారం 15 మంది సభ్యులుంటే కోరం సరిపోతుంది. లక్ష మంది సభ్యులున్న సంఘంలో కూడా బోర్డు ఎన్నిక కొద్దిమంది చేతుల మీదుగానే అయిపోవడం మామూలు. ఓవర్‌డ్రాఫ్ట్ ఫీజు ఎందుకింత, చిన్న అప్పుల పథకం ఎందుకు లేదు అని పదిమంది కలిసి వెళ్లి అడిగితే, పెద్ద బ్యాంకులో కంటే ఇక్కడ ఆ మాటకు బరువు ఎక్కువ.

ఆ ఓటు అన్నిటికంటే ఎక్కువ విలువ చేసేది విలీనం అప్పుడు. ఫెడరల్ సంఘం ఇంకోదానిలో కలవాలంటే సభ్యుల ఆమోదం కావాలి. సమావేశానికి కనీసం 45 రోజుల ముందు నోటీసు రావాలి. విలీనం వల్ల ఉన్నతాధికారులకు జీతాల్లో, బోనస్‌లో అదనంగా ఏం దక్కబోతోందో అందులో వెల్లడించాలి. సభ్యులు తమ అభిప్రాయం పంపితే ఎన్‌సీయూఏ దాన్ని అందరికీ కనిపించేలా ప్రచురిస్తుంది. దశాబ్దాలుగా సభ్యుల వడ్డీల్లోంచి పోగైన నిల్వ మొత్తం కొత్త సంఘానికి వెళ్లిపోతుంది కాబట్టి, ఆ నోటీసులో ముందుగా వెతకాల్సింది ఒక్కటే: ఆ నిల్వలో కొంతైనా ప్రత్యేక డివిడెండ్‌గా సభ్యులకు పంచుతున్నారా, లేదా. కొన్ని సంఘాలు పంచాయి. పంచడం లేదని ఉంటే, ఎందుకని సమావేశంలో అడిగి, జవాబు విన్నాకే ఓటు వేయండి.